సత్రపట్టికి అక్షరములెన్ని?

విరుదునగర్ జిల్లాలో రాజపాళయమునకు చేరువనున్న సత్రపట్టి పేరును తెలుగు లిపి నేర్చిన బాలునిచేత పలకమీద వ్రాయించి, ఇందు అక్షరములెన్ని యని అడిగినచో, వాడు స, త్ర, ప, ట్టి యని వ్రేళ్ళు మడిచి నాలుగని తడుముకొనకుండ చెప్పును. ఆ పేరునే తమిళ లిపిలో వ్రాసిన బాలుడు, పొల్లు హల్లులను సైతము ప్రత్యేకాక్షరములుగా ఎంచు తన భాషాసంప్రదాయమును అనుసరించి, ఎనిమిదని చెప్పును. ఇంగ్లీషు బడిలో చదువుకొను బాలుడు ఎస్ మొదలు ఐ వరకు లెక్కించి పది యనును. వాని ప్రక్కనున్న బాలుడే సి, హెచ్ అను రెండక్షరములతో ఆ పేరును ఆరంభించినచో పదునొకండు తేలును, ఏలయన తమిళమున చకార సకారములకు ఒక్కటే లిపి యగుటచేత ఆ ఊరి పేరు ఇంగ్లీషులో రెండు విధముల వ్రాయబడుచున్నది. ఊరు ఒక్కటే, ఆ ఊరివారు దానిని పిలుచు పిలుపును ఒక్కటే. అయినను నలుగురు బాలురు చెప్పిన నాలుగు లెక్కలలో ఏదియు తప్పు కాదు.

ఒక మాట పొడవెంత యను ఈ ప్రశ్న పైకి బాలక్రీడవలె కనబడినను, నేడు లోకమున లక్షలకొలది జనులు ప్రతిదినము చేతిలోని ఫోనుమీద సాధింప యత్నించుచున్న ఒకానొక వినోదమునకు ఇదియే పునాది. అయిదక్షరముల ఇంగ్లీషు మాట యొకటి కావలెను, అందు ఎ ఉండవలెను, జడ్ ఉండవలెను, ఆర్ మాత్రము ఉండరాదు, అట్టి మాట ఏది? ఈ తీరు ప్రశ్నలు వార్తాపత్రికల గళ్ళలోను, స్క్రాబుల్ పలకమీదను, వర్డిల్ అను నూతన క్రీడయందును నానారూపముల ఎదురగుచుండును. సామాన్యముగ నిఘంటువులో మాటలు మొదటి అక్షరమును బట్టి కూర్చబడును గాని, పొడవును బట్టియు నడిమి అక్షరములను బట్టియు కూర్చబడవు. కావున పుటలు త్రిప్పినంత మాత్రమున ఇట్టి ప్రశ్నకు సమాధానము దొరకదు, మనస్సులో ఏండ్లుగా పోగుపడిన మాటలనే మరియొక వరుసలో వెదకికొనవలసి వచ్చును. ఆ వెదకుటలోనున్న శాస్త్రమెట్టిది, దానికిని మన తెలుగు అక్షరమునకును గల చుట్టరికమెట్టిది యని విచారించుటకు సత్రపట్టి కంటె తగిన చోటు నాకు తోచలేదు.

రాజపాళయము నూలుమిల్లుల పట్టణము. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా అచ్చట రాజపాళయం మిల్స్ ను స్థాపించిన నాటినుండి ఆ ప్రాంతపు బ్రతుకు నూలుతో పెనవేసికొనిపోయినది. దానికి చేరువనున్న సత్రపట్టి మగ్గముల ఊరు. ఆసుపత్రులలో గాయములకు కట్టు కట్టుటకు వాడు పలుచని నూలుబట్ట, మనవారు గాజుగుడ్డ యని వ్యవహరించునది, అక్కడ విస్తారముగా నేయబడి దేశమున పలుతావులకును విదేశములకును పోవుచున్నది. చీర నేయునపుడు పడుగునకు పేకను ఎంత దగ్గరగా ఒత్తిన అంత మేలు. ఈ బట్టకు అట్లు కాదు, దారమునకును దారమునకును నడుమ సందు విడువవలెను, ఆ సందులగుండ గాయమునకు గాలి తగులవలెను, కారు రక్తమును బట్ట పీల్చుకొనవలెను. మగ్గము దిగిన బట్ట వెంటనే నీరు పీల్చదు, ప్రత్తిలో సహజముగనుండు మైనము అడ్డుపడును. క్షారజలమున ఉడికించి, చలువచేసి, ఆ మైనమును పోగొట్టిన పిదపనే అది వైద్యునకు పనికివచ్చును. అట్లు తెల్లబడిన గుడ్డను వెలుతురునకు ఎత్తి చూచినచో, నిలువు దారములును అడ్డ దారములును కూడి ఏర్పరచిన చిన్న చిన్న గళ్ళు వేలకొలది కన్నులకు కట్టును.

ఆ గుడ్డకు ఇంగ్లీషున గాజ్ అని పేరు. ఫ్రెంచి నుండి వచ్చిన ఈ మాటను పాలస్తీనాలోని గాజా నగరముతో ముడిపెట్టు వ్యుత్పత్తి చిరకాలముగ ప్రచారమున ఉన్నది. జి, ఎ, యు, జడ్, ఇ: సరిగా అయిదక్షరములు. నేటి రహస్యపదము ఇదియే యనుకొని వర్డిల్ ఆట ఎట్లు సాగునో చూతము. ఆడువానికి అయిదేసి గళ్ళ వరుసలు ఆరు ఉండును. ఒక్కొక్క వరుసలో అయిదక్షరముల మాట నొకదానిని నింపవలెను. అక్షరము తన తావుననే పడినచో గడి ఆకుపచ్చనగును, మాటలో ఉండియు వేరొక తావున ఉండవలసినదైనచో పసుపుపచ్చనగును, అసలే లేనిచో బూడిదరంగునకు దిగును. మొదట కొంగకు ఇంగ్లీషు పేరగు క్రేన్ అను మాటను నింపితిమి అనుకొందము. సి, ఆర్, ఎన్ అను మూడును లేవని తేలిపోయినవి. ఎ ఉన్నది గాని మూడవ తావున కాదు. తుది ఇ మాత్రము తన చోటనే ఉన్నది. రెండవ యత్నమున మొక్కజొన్నను తెలుపు మెయిజ్ ను నింపితిమి: రెండవ తావున ఎ, నాలుగవ తావున జడ్, అయిదవ తావున ఇ మూడును పచ్చబారినవి, ఎమ్ యును ఐ యును తొలగినవి. ఇప్పుడు మిగిలినవి మొదటి గడియు మూడవ గడియు మాత్రమే. బల్లలమీద పరచు ఒక విధమగు ఉన్నిగుడ్డకు బెయిజ్ అను పేరున్నది, అదియు ఈ అచ్చులో ఇముడును గాని అందులో ఐ ఉన్నది, ఐ లేదని ముందే తెలిసినది. కొంగయు మొక్కజొన్నయు దారి చూపగా మూడవ వరుసలోనే సత్రపట్టి గుడ్డ చేతికందినది.

ఇందు అదృష్టము కంటె లెక్క యెక్కువ. ఇంగ్లీషున లిపి 26 అక్షరములు; వానిని అయిదు గళ్ళలో ఇష్టము వచ్చినట్లు నింపినచో 1,18,81,376 కూర్పులు పుట్టును. వానిలో మాటలుగా చెల్లునవి సుమారు 12,000 మాత్రమే, అనగా ఇంచుమించు వేయింటికి ఒకటి. వేల్సు ప్రాంతమున పుట్టి అమెరికాలో నివసించుచుండిన జాష్ వార్డిల్ ఈ క్రీడను తన సహచరి పాలక్ షా వినోదమునకై కల్పించినప్పుడు, ఆ పండ్రెండు వేల మాటలలో జనులకు పరిచితములైనవి ఏవో ఆమె యేరి సుమారు 2,500 నిలిపినది. ఆ ఏరివేత లేకున్నచో ఆట పండితులకే మిగిలిపోయెడిది. 2021 నవంబరు 1న దానిని ఆడినవారు 90 మంది. రెండు మాసములు తిరుగునప్పటికి 3 లక్షలు. 2022 జనవరి మాసాంతమున న్యూయార్క్ టైమ్స్ పత్రిక దానిని కొనివేసెను.

అక్షరములన్నియు మాటలలో సమముగా పంచుకొనబడి యుండవు. ఈ ఆటలకు జీవము అదియే. ఇంగ్లీషున ఇ మిక్కిలి తరచుగ వచ్చును, పిదప టి, ఎ వచ్చును. క్యూ, జడ్ అరుదు, అందును క్యూ వచ్చినచోట యు దాదాపు తప్పదు. ఏ అక్షరము ఎన్ని సారులు వచ్చునో లెక్కించి రహస్యలిపిని భేదింపవచ్చునని బాగ్దాదు నగరమున తొమ్మిదవ శతాబ్దిలోనే అల్ కిందీ నిరూపించెను. తంతి వార్తలకు మోర్సు లిపి ఏర్పడినప్పుడు ఇ అక్షరమునకు ఒక్క చుక్కయు, టి అక్షరమునకు ఒక్క గీతయు కేటాయింపబడుటకు కారణము ఈ తారతమ్యమే. అదే విరుదునగర్ జిల్లాలోని శివకాశి అచ్చుపనికి పేరుపడ్డ ఊరు. సీసపు అక్షరముల కాలమున ఇంగ్లీషు కంపోజిటరు ఎదుటనుండు అరల పెట్టెలో అన్నిటి కంటె పెద్ద అర ఇ అక్షరమునకే ఉండెడిది. అమెరికాలో ఆర్థికమాంద్యపు దినములలో పని పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అను వాస్తుశిల్పి వార్తాపత్రిక మొదటి పుటలోని అక్షరములను ఓపికగా లెక్కించి, ఆ లెక్కమీదనే ఒక పదక్రీడను నిర్మించెను. 1948లో జేమ్స్ బ్రూనో దానికి స్క్రాబుల్ అను పేరుపెట్టి వెలువరించెను. 100 బిళ్ళలలో ఇ బిళ్ళలు 12, వాని విలువ ఒక్కొక్కటే. జడ్ బిళ్ళ ఒక్కటే, దాని విలువ 10. ఆ లెక్క ప్రకారము గాజ్ అను అయిదక్షరముల మాటకు 15 మార్కులు వచ్చును. బ్యాండేజి అను మాటకు ఇంగ్లీషున ఏడక్షరములున్నను 11 మాత్రమే, అయితే చేతిలోని ఏడు బిళ్ళలును ఒక్కమారుగా వాడిన వానికి అదనముగ మరి 50 లభించును.

గళ్ళలో మాటలను అడ్డముగను నిలువుగను నింపు ప్రహేళిక 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వజ్రాకృతిలో మొదట కనబడినది. కూర్చినవాడు లివర్పూలులో పుట్టిన ఆర్థర్ విన్. అది దశాబ్దములు గడచి మన పత్రికలలో అడుగిడినప్పుడు శ్రీశ్రీ దానిని పదబంధ ప్రహేళిక యనియు, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అనియు పిలిచి స్వయముగ కూర్చిరి. ఈ రెండు పేర్లను తలచినపుడెల్ల నాకు సత్రపట్టి గుర్తునకు వచ్చును. గాయమునకు చుట్టునది కట్టు, నుడులను చుట్టునదియు కట్టే. బ్యాండేజి అను ఇంగ్లీషు మాట ఫ్రెంచి మీదుగా వచ్చినదైనను, దాని మూలధాతువు సంస్కృతమున బంధమను మాటకు మూలమైన ధాతువే; పదబంధములోని బంధమును, ఆసుపత్రిలోని బ్యాండేజియు ఒకే కుదురునుండి చీలిన కొమ్మలు. నేతగాని పడుగుపేకల పని ఎట్టిదో ప్రహేళిక కూర్చువాని పనియు అట్టిదే: అడ్డమాట ఒకటి నిలువుమాటను దాటిపోవు చోట రెంటికిని ఒక్కటే అక్షరము చెల్లవలెను, ఆ కూడలిలో అక్షరము తప్పెనా, పోగు తెగినట్లు రెండు మాటలును చెడును.

పొడవును అక్షరమును ముందుగ నిర్ణయించుకొని మాటను వెదకుట విదేశమునుండి దిగుమతియైన విద్య యని ఎవరైన తలచినచో అది పొరపాటు. తెలుగు పద్యము వ్రాయు ప్రతి కవియు వేయేండ్లుగా చేయుచున్న పని ఇదియే కదా! వృత్తములందును కందమందును నాలుగు పాదములలో రెండవ అక్షరమునందలి హల్లు ఒక్కటే కావలెనని ప్రాసనియమము. మొదటి అక్షరము గురువైన అంతటను గురువు, లఘువైన అంతటను లఘువు. మొదటి పాదము సత్రపట్టి లోని పట్టి యను మాటతో ఎత్తుకొన్నచో, తక్కిన మూడు పాదములకు కవి చెట్టు, గట్టు, మెట్ట, బుట్ట, కట్టు అనుచు రెండవ తావున ట్ట గల మాటలకై తన జ్ఞాపకమును జల్లెడ పట్టవలసినదే. తమిళ పద్యమునందును రెండవ అక్షరము కలియు ఎదుగై కలదు. కావున రాజపాళయపు సీమలో పెరిగిన పిల్లవానికి ఈ వెదకులాట తల్లి భాషనుండియు పాఠశాల భాషనుండియు రెండు విధముల సంక్రమించిన సొత్తు.

అంతియే కాదు, పొడవును బట్టియు అక్షరమును బట్టియు మాటలను వరుసపెట్టిన నిఘంటువులు సైతము మన దేశమున పుట్టినవి. 1111లో మహేశ్వరుడు సంస్కృతమున విశ్వప్రకాశమను నానార్థకోశమును రచించెను. అందు పదములు మొదటి అక్షరమును బట్టి గాక తుది హల్లును బట్టి, కకారాంతములు, ఖకారాంతములు అను క్రమమున విభజింపబడినవి. మరల ఒక్కొక్క విభాగమున ఏకాక్షరములు, ద్వ్యక్షరములు, త్ర్యక్షరములు, చతురక్షరములు అని అక్షరసంఖ్యను బట్టి కూర్చబడినవి. తరువాతి కాలపు మేదినీకోశము అదే త్రోవను నడచినది. మూడక్షరముల మాట, తుదిని టకారముండవలెను, అట్టివి ఏవి యని అడిగిన విద్యార్థికి తొమ్మిది వందల ఏండ్ల క్రిందటనే వాని పుట ఏదో తెలియును. నేడు కంప్యూటరు రెప్పపాటులో చేసి పెట్టు పనిని యంత్రము లేని కాలమున ఒక మహానుభావుడు తాళపత్రములమీద చేసి చూపినాడన్న సంగతి మన పాఠశాలలలో చెప్పబడకపోవుట నాకు మిక్కిలి బాధ కలిగించును.

ఫలానా అక్షరము ఉండవలెననుట ఒక నియమము. ఉండరాదనుట దాని కంటె కఠినము. ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ అను అమెరికా రచయిత 1939లో గాడ్స్ బీ యను నవలను ఇ అక్షరము లేకుండ సుమారు 50,000 మాటలలో వ్రాసెను. 1969లో ఫ్రెంచి రచయిత జార్జి పెరెక్ ఆ అక్షరమునే వర్జించి వేరొక నవలను వ్రాసెను. లోకము వారిని మెచ్చినది, మెచ్చదగినదే. అయినను దండి మహాకవి దశకుమారచరితమున, ప్రియురాలి దంతక్షతముచేత పెదవి నొచ్చిన మంత్రగుప్తుని నోట పెదవులు కలుపవలసిన ప, ఫ, బ, భ, మ లు లేకుండ కథ చెప్పించెను. నియమమునకు కథలోనే కారణము కల్పించిన ఆ నేర్పు నాకు మిగిలిన ఇద్దరి శ్రమ కంటె హృద్యముగ తోచును. గోలకొండ సుల్తానుల కాలపు తెలుగుకవి మరింగంటి సింగరాచార్యులు దశరథరాజనందన చరిత్రమును ఆద్యంతము నిరోష్ఠ్యముగ నడిపెను. మకారము లేనిదే ము వర్ణాంతములైన తెలుగు నామవాచకములలో ఎన్ని తొలగిపోవునో తలచిన వారికి ఆ సాహసము బోధపడును.

ఇక అష్టావధానము సంగతి తెలుగు పాఠకులకు చెప్పనక్కరలేదు. తిరుపతి వేంకటకవులు ఊరూర దానికి పట్టాభిషేకము చేసినారు. అయినను నేటి పదక్రీడల ప్రక్కన నిలిపి చూచుటకై రెండు అంశములను మాత్రము తలచెదను. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అవధాని నోట రాబోవు అక్షరమును ఊహించి, దానిని ముందే నిషేధించును; అవధాని మరియొక అక్షరమును వేయును; పృచ్ఛకుడు మరల దాని తరువాతి దారిని మూయును. వర్డిల్ నందు బూడిదరంగు గడి మన పొరపాటు వలన పుట్టును. ఇక్కడ ఎదుటివాని పాండిత్యము వలన ఒక్కొక్క అడుగున పుట్టుచుండును. న్యస్తాక్షరిలో మూడవ పాదమున పదునొకండవ అక్షరము ఇది కావలెను అని పృచ్ఛకుడు శాసించును. అది ఆకుపచ్చ గడిని ముందుగ నిలిపి, చుట్టును మాటలల్లుమనుట. దత్తపదియందు ఇంగ్లీషు మాటలనే ఇచ్చి, వానిని తెలుగు అర్థము వచ్చునట్లు విరిచి పద్యమున పొదుగుమని అడుగుటయు సభలలో పరిపాటియే. కాగితము లేదు, గళ్ళు లేవు, చెరిపి వ్రాయుటకు అవకాశము లేదు. ఉన్నది ధారణ యొక్కటే.

మరి ఇంత సంపద కలిగియు, ఇంగ్లీషు ఆటను తెలుగు లిపిలోనికి దింపబోయినప్పుడు చిక్కు ఎక్కడ వచ్చును? అక్షరమన్నది ఏది యను మొదటి ప్రశ్న దగ్గరనే వచ్చును. ఇంగ్లీషున హల్లు వేరు, అచ్చు వేరు, రెండును ప్రక్కప్రక్కన నిలుచును. రాజపాళయమను పేరును ఇంగ్లీషున వ్రాసి చూడుడు: పదునొకండక్షరములలో సరి సంఖ్య తావులన్నిట ఎ కూర్చున్నది, మొత్తము అయిదు. తెలుగున ఆ పేరు రా, జ, పా, ళ, యం అను అయిదక్షరములే; ఆ అచ్చులన్నియు హల్లులలో లీనమై, విడిగా గడిని ఆక్రమింపక నిలిచినవి. అందుచేత తెలుగు గడిలో స వేసినవానికి సమాధానమున సి యున్నచో ఏమి రంగు చూపవలెను? హల్లు కలిసినది, అచ్చు కలియలేదు. అది తప్పు కాదు, ఒప్పును కాదు. ఒత్తుతో కూడిన ట్టి వంటి అక్షరము మరింత చిక్కు. మన యంత్రములు వేరొక విధముగ లెక్కించును: కంప్యూటరు సత్రపట్టిని దాచుకొనునపుడు పొల్లు గుర్తులను, గుణింతపు గుర్తును విడివిడిగ నెంచి తొమ్మిది సంకేతములుగ దాచుకొనును. అనగా మొదట చెప్పిన నాలుగు లెక్కలకు తోడు ఐదవది.

నా మట్టుకు నాకు మన ఛందస్సు చూపిన తీర్పే సమంజసముగ తోచుచున్నది. చెవికి ఒక్క ఊపిరిలో వినబడునది ఒక్క అక్షరము. ఒత్తు దాని ముందరి అక్షరమును గురువుగ మార్చును గాని తాను వేరొక గడిని అడుగదు. ఆ తూనికలో సత్రపట్టి గురు లఘువు, గురు లఘువు. అనగా రెండు హగణములు, రెండును సూర్యగణములు. ఆటవెలది ఏ పాదమునకైనను ఆ ఊరి పేరును మొదట నిలిపి హాయిగ ఎత్తుకొనవచ్చును. హల్లు కలిసి అచ్చు కలియని సందర్భమునకు సైతము ప్రాసనియమము ఏనాడో మార్గము చూపినది, ప్రాసకు హల్లు కలిసిన చాలును గదా! తెలుగున పదక్రీడలు నిర్మించు యువకులు ఇంగ్లీషు ఆట చట్టమును ఉన్నదున్నట్లు తెచ్చి అతికింపక, ప్రాస యతుల న్యాయమును గళ్ళలోనికి తెచ్చినచో, ఆట మనదగును.

ఇంగ్లీషు అక్షరములను సాధించుటలో తెలుగు బిడ్డలు ఎవరికిని తీసిపోరని లోకము చూచినది. అమెరికాలో 1925 నుండి జరుగుచున్న జాతీయ వర్ణక్రమ పోటీలో స్నిగ్ధ నందిపాటి 2012లోను, అరవింద్ మహంకాళి 2013లోను విజేతలైరి. 2024లో బృహత్ సోమ 90 సెకనులలో 29 మాటలకు వర్ణక్రమము తప్పక చెప్పి గెలిచెను. ఇంగ్లీషున పలుకునకును వ్రాతకును పొత్తు తక్కువ యగుటచేతనే అక్కడ వర్ణక్రమము ఒక పోటీ కాగలిగినది. పలికినదే వ్రాయు తెలుగునకు అట్టి పోటీ పొసగదు. ఆ బిడ్డల శ్రద్ధకు నేను నమస్కరించుచున్నాను.

అయితే నా మనస్సు దూరదేశపు వేదికల కంటె రాజపాళయపు వీధులయందే నిలుచుచున్నది. విజయనగరపు కాలము తరువాత తెలుగుసీమనుండి దక్షిణమునకు తరలి, ఆ ప్రాంతమున స్థిరపడిన రాజుల కుటుంబములు నేటికిని ఇంట తెలుగే మాటలాడుచున్నవి. 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగ నుండిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ పట్టణపు బిడ్డయే. ఆ చుట్టుపట్ల తెలుగు పలుకు ఇతర కులములవారును పెక్కురు కలరు. వారి పిల్లలు బడిలో తమిళము చదువుదురు, ఇంగ్లీషు చదువుదురు. అమ్మతోను అవ్వతోను పలుకు తెలుగునకు మాత్రము పెక్కు ఇండ్లలో లిపి లేదు. చెవికి పూర్ణముగ నున్న భాష కంటికి శూన్యముగ నున్నది. ఫోనుమీద అయిదక్షరముల ఇంగ్లీషు మాటను మూడవ వరుసలోనే పట్టుకొనగల చురుకైన బాలునకు, తన ఊరి పేరు తన ఇంటి భాషలో నాలుగక్షరములని తెలియకపోవుట లోపమే గాని, ఆ లోపము వానిది కాదు.

ఇది తీరని లోపమును కాదు. తమిళ లిపి వచ్చిన పిల్లవానికి అచ్చు హల్లుతో కూడి గుణింతమగు మర్మము ముందే తెలియును. అచ్చుల వరుస తెలియును. నేర్వవలసినవి కొత్త రూపములు, తమిళమున ఒక్క గుర్తుతో సరిపెట్టుకొను క, గ ల వంటి భేదములు, వత్తక్షరములు, ఒత్తులు. దినమునకు అరగంట చొప్పున కూర్చుండబెట్టినచో ఒక్క వేసవి సెలవులలో ముగియదగిన పని యని నా విశ్వాసము. సత్రపట్టిలోను, రాజపాళయమునందును, వాని చుట్టుపట్ల పల్లెలలోను ఇంట తెలుగు మాటలాడు తల్లిదండ్రులను నేను వేడుకొనునది ఇంతియే: ఈ వేసవిలో పిల్లలకొక గళ్ళ పుస్తకము కొని యిండు, ఇంటిలో అవ్వ పలుకు మాటలను గడికొక అక్షరము చొప్పున వారిచేత తెలుగున వ్రాయించుడు, ఆ అవ్వనే ప్రక్కన కూర్చుండబెట్టి తప్పొప్పులు చెప్పించుడు. మొదటి మాటగ సత్రపట్టినే వ్రాయనిండు. నాలుగు గళ్ళు చాలును.